సెలవు పెట్టండి, నది పేరు మాత్రం రాయకండి

ఆగస్టు ఆఖరు వారం రాగానే నా ఫోనుకి ఒకే రకం మెసేజీలు మొదలవుతాయి. "అక్కా, సాల్మన్ సీజన్ వచ్చేసింది కదా, మంచి లొకేషన్ ఒకటి పెట్టవా?" పోర్ట్‌లాండ్‌కి పడమటి వైపు, చిప్పుల ఫ్యాక్టరీలను నమ్ముకుని బతికే మా హిల్స్‌బరో, బీవర్టన్ ఊళ్ళలో గాలం పట్టే తెలుగువాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. ఆడవాళ్ళు కూడా. మంచిదే. వీకెండ్ అంతా మాల్‌లో తిరగడం కంటే మోకాలి లోతు నీళ్ళలో నిలబడడం ఎప్పుడూ మంచిదే. కానీ లొకేషన్ అడిగినవాళ్ళకు నేను పిన్ను పంపను. సెలవు పెట్టుకోండి, ఏ నదికి వెళ్తారో మాత్రం అప్పుడే రాసుకోకండి, వారం మధ్యలో మాట్లాడుకుందాం అంటాను. నాకు పొగరని కొందరు అనుకుంటున్నట్టు తెలుసు.

గైడ్‌ని పెట్టుకుంటే ఇక్కడ రోజుకు కొన్ని వందల డాలర్లవుతుంది. ఆ డబ్బు చేప ఎక్కడుందో చూపించినందుకు అనుకుంటాం. మంచి గైడ్‌తో ఒకరోజు పడవెక్కి చూడండి. అతను రోజంతా చెప్పే మాటల్లో సగం వద్దు అనే మాటలే. అక్కడ కాలు పెట్టొద్దు, గుడ్లు పెట్టిన చోటు. దాన్ని నీళ్ళలోంచి పైకి ఎత్తొద్దు. ఎండెక్కింది, నీళ్ళు వేడెక్కాయి, ఇవాళ్టికి చాలు. సొంతంగా వెళ్ళేవాడికి చేప పడకపోతే పోయేదేమీ లేదు, సాయంత్రానికి ఇంటికొస్తాడు. వద్దు అనే మనిషి పక్కన లేకపోవడమే అసలు లోటు. ఆ వద్దులన్నీ ఇంట్లో కూర్చుని ముందే రాసుకోవాలి. ప్లానింగ్ అంటే నా లెక్కలో అదే. కర్ర ఏ కంపెనీది, జాకెట్ ఏ రంగుది అన్నవి ఆ తర్వాత.

ముందు ఆ చేపల సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి. సాల్మన్ వాగులో పుట్టి, సముద్రానికి పోయి, పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన వాగుకే వస్తుంది. గుడ్లు పెట్టాక ఈ పసిఫిక్ జాతులన్నీ చచ్చిపోతాయి. స్టీల్‌హెడ్ అంటే సముద్రం చూసొచ్చిన రెయిన్‌బో ట్రౌట్. మున్నార్, నీలగిరి వాగుల్లో దొరలు తెచ్చి వదిలిన ట్రౌట్ కూడా ఆ జాతిదే. స్టీల్‌హెడ్ గుడ్లు పెట్టాక చచ్చి తీరాలని లేదు, కొన్ని మళ్ళీ సముద్రానికి పోయి మళ్ళీ వస్తాయి. ఫ్లై అంటే ఈకలు, వెంట్రుకలు, మెరుపు దారం కొక్కేనికి చుట్టి చేసిన దొంగ ఎర. దానికి బరువుండదు. దాన్ని దూరం మోసుకెళ్ళేది లావుపాటి తాడు బరువే. నదిలోకి వచ్చిన స్టీల్‌హెడ్‌కు పెద్దగా ఆకలుండదు. కోపంతో కొరుకుతుందో, అలవాటుకొద్దీ కొరుకుతుందో, ఎవరి వాదం వారిది.

నేను నరసాపురం దాన్ని. మా తాత సఖినేటిపల్లి రేవు పంటు మీద టిక్కెట్లు కొట్టేవాడు. అందుకని ఒక్క విషయంలో నాకు అమెరికావాళ్ళ కంటే సుళువు: క్యూసెక్కులు. ఇక్కడ ప్రతి పెద్ద నది ఒడ్డునా జియలాజికల్ సర్వేవాళ్ళ కొలత కేంద్రం, అంటే గేజీ, ఉంటుంది. సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు పోతోందో రోజులో ఎన్నోసార్లు కొలిచి ఇంటర్నెట్‌లో పెడతారు, కాణీ ఖర్చు లేదు. ఇక్కడి స్నేహితులకు ఆ అంకె మనసుకెక్కడానికి ఏళ్ళు పడుతుంది. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది అని వింటూ పెరిగినవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. మా డెషూట్స్ నది శరత్కాలంలో 4,000 క్యూసెక్కులకు అటూ ఇటూగా పారుతుంది. గోదావరితో పోలిస్తే పిల్లకాలువ. కానీ నడుం లోతులో నిలబడి చూడండి, పిల్లకాలువ అనరు.

ఇప్పుడు నది పేరు ఎందుకు రాసుకోకూడదో చెప్తాను. మా ఇంటి నుంచి రెండు దారులున్నాయి. ఆరో నంబరు హైవే మీద పడమటికి, విల్సన్ నది పక్కనే కొండలు దిగితే టిల్లమూక్. అక్కడ సముద్రపు పోటు ఎక్కే నీళ్ళలో సెప్టెంబరు, అక్టోబరుల్లో షినూక్ సాల్మన్ కాచుకుని ఉంటుంది. విల్సన్, ట్రాస్క్, నెస్టుకా, అన్నీ వానాధారపు నదులే. వాన పడకపోతే చేప పైకి ఎక్కదు, పోటునీళ్ళలోనే తిరుగుతుంది. గట్టి వాన ఒకటి పడి, నది పొంగి, మళ్ళీ దిగుతూ, నీళ్ళు పచ్చగా తేరుకుంటున్న రెండు మూడు రోజులే అసలు అదను. నిజం చెప్పాలంటే షినూక్‌ని ఫ్లైతో పట్టడం కష్టం. పడవల్లో కూర్చుని ఎర వేసేవాళ్ళు పది పట్టేలోపు మనకు ఒక్కటి తగలడమే గొప్ప. అయినా వెళ్తాను, ఎందుకంటే ఆ చేప ఒక్క లాగు లాగితే భుజం వారం రోజులు మాట్లాడుతుంది.

రెండో దారి తూర్పుకి, మౌంట్ హుడ్ మంచుకొండ దాటి, దేవదారు అడవులు పోయి గడ్డి కొండలు వచ్చేదాకా. అక్కడ మాపిన్ అని చిన్న ఊరు, జనాభా ఐదొందలు కూడా ఉండదు. దాని కింద నుంచి పారేది డెషూట్స్, ఉత్తరానికి పోయి కొలంబియాలో కలుస్తుంది. లోపలి ఊటలతో నిండే నది కాబట్టి వాన వచ్చినా రాకపోయినా పెద్దగా మారదు. ఎండాకాలపు స్టీల్‌హెడ్‌కు జూలై నుంచి నవంబరు దాకా ఇదే పెద్ద పేరు. ఐతే ఒక తిరకాసుంది. మాపిన్‌కు కొద్ది మైళ్ళ దిగువన వైట్ రివర్ వచ్చి కలుస్తుంది, మౌంట్ హుడ్ హిమానీనదంలోంచి. కొండ మీద వాన పడినా, ఎండ ముదిరి మంచు గబగబా కరిగినా అది బూడిద కలిపినట్టు వస్తుంది. అక్కడి నుంచి కొలంబియా దాకా నది మురికే. పులస గోదావరి ఎర్రనీటికి ఎదురెక్కి వస్తుంది, వలవాళ్ళకు ఎర్రనీరే కబురు. ఇక్కడ అది పనికిరాదు. కంటికి కనిపించని ఫ్లైని ఏ చేపా కొరకదు.

అంటే ఒకే వాన రెండు నదులకు రెండు జవాబులు చెప్తుంది. వానొస్తే పడమటి తీరానికి పండగ, డెషూట్స్ దిగువకు చేటు. పొడిగా ఉంటే డెషూట్స్ బాగుంటుంది, తీరంలో సాల్మన్ కదలదు. ఇక మూడు నెలల ముందే హోటల్ కట్టేసి, "అక్టోబరు రెండో శనివారం, విల్సన్ నది" అని క్యాలెండర్లో రాసుకున్నవాడికి ఎలా కుదురుతుంది? బుధవారం రాత్రి వాతావరణం, గేజీ రెండూ చూస్తాను. గురువారం టిఫిన్ బాక్సు సర్దేటప్పుడు తూర్పో పడమరో తేలుతుంది. ఇంకో దారి కూడా ఉంచుకుంటాను: వైట్ రివర్ పొంగినా దాని సంగమానికి ఎగువన, మాపిన్ ఊరి చుట్టూ నీళ్ళు తేటగానే ఉంటాయి.

ఇవన్నీ నీటి లెక్కలు. చేపల లెక్క ఇంకోటుంది, అది చూడకుండా బయలుదేరితే నాకు ఒళ్ళు మండుతుంది. పోర్ట్‌లాండ్ వచ్చిన చుట్టాలందరికీ మల్ట్‌నోమా జలపాతం చూపిస్తాం కదా, అదే దారిలో ఇంకాస్త ముందుకెళ్తే బానవిల్ డ్యామ్. 1938లో కట్టారు. చేపలు ఎక్కడానికి మెట్లున్నాయి, మెట్ల పక్కన నీటి అడుగున గాజు కిటికీ ఉంది. ఎక్కే ప్రతి చేపా ఏ జాతిదో చూసి లెక్కపెట్టేవాళ్ళున్నారు. ఆ లెక్క రోజువారీగా బయటపెడతారు, ఎవరైనా చూసుకోవచ్చు. ఆరు నెలల వీసా మీద పాలకొల్లు నుంచి వచ్చిన మా అత్తగారిని ఒక సెప్టెంబరులో తీసుకెళ్ళాను. కిటికీకి ముక్కు ఆనించి చాలాసేపు చూశారు.

"ఇన్ని చేపలు పోతుంటే ఒక్కడూ వల వెయ్యడేంటమ్మాయ్?"

"లెక్కపెడుతున్నారు అత్తయ్యా."

"లెక్కపెట్టి?"

"తక్కువ వస్తే పట్టడం ఆపేస్తారు."

ఆవిడ నమ్మలేదు. నమ్మకపోవడం ఆవిడ తప్పు కాదు. యానాం రేవులో పులస ఇన్ని వేలు పలికిందని ఏటా మన పేపర్లలో ఫొటోతో సహా వస్తుంది. ఈ సీజన్లో ఎన్ని పులసలు గోదావరి ఎక్కాయన్న వార్త ఎప్పుడైనా చదివారా? పుస్తెలమ్మైనా తినాలన్న సామెత ఉంది గాని, పుస్తెలమ్మినా దొరకని రోజొస్తే అన్నదానికి సామెత లేదు. ధవళేశ్వరం దగ్గర వరద నీటిని గంటగంటకీ కొలిచి చెప్పగలిగిన ప్రభుత్వానికి, ఆ నీళ్ళలో వచ్చే చేపకి ఒక లెక్క పెట్టించి రోజూ బోర్డు మీద రాయించడం అసాధ్యమేమీ కాదు. మత్స్యశాఖవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఆలోచించండి.

బానవిల్ దగ్గర 2001లో 6 లక్షలకు పైగా స్టీల్‌హెడ్ ఎక్కింది. 2021లో లక్షకు కూడా చేరలేదు. ఆ సెప్టెంబరులో ఒరెగన్ రాష్ట్రం డెషూట్స్, జాన్ డే, యుమటిల్లా నదుల్లో స్టీల్‌హెడ్ వేట మూసేసింది. దక్షిణాన ఫ్లైకి పేరుపడ్డ నార్త్ అంక్వా నదినీ అంతకు కాస్త ముందే మూసేశారు. హోటళ్ళు, గైడ్లు, మాపిన్‌లో కొట్లవాళ్ళు నష్టపోయారు. అయినా మూసేయడమే సరైన పని అని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఆ తర్వాతి నుంచి డెషూట్స్ తెరవాలా వద్దా అన్నది కూడా బానవిల్ లెక్క చూసే తేలుస్తున్నారు. ఎండాకాలం చివర కొలంబియా వేడెక్కినప్పుడు ఐడహోకి పోవలసిన చేపలు కూడా డెషూట్స్ చల్లనీళ్ళలోకి తలదాచుకోవడానికి వస్తాయి. మీ కొక్కేనికి పడ్డది అలాంటి బాటసారి కావచ్చు. దానికింకా వందల మైళ్ళ ప్రయాణం ఉంది.

కాగితాల సంగతి చకచకా చెప్పేస్తాను. ఒరెగన్‌లో 12 ఏళ్ళు నిండినవాళ్ళందరికీ లైసెన్సు కావాలి. దాని మీద సాల్మన్, స్టీల్‌హెడ్‌లకు వేరే ట్యాగు. కొలంబియాలో కలిసే నదుల్లో పడితే ఇంకో అనుమతి అదనం, అంటే డెషూట్స్‌కు కావాలి, విల్సన్‌కు అక్కర్లేదు. రూల్సు పుస్తకం ఏడాదికొకసారి వస్తుంది, కానీ మధ్యలో అత్యవసర సవరణలు వస్తూనే ఉంటాయి, అందుకని బయలుదేరే రోజు పొద్దున్నే వన్యప్రాణి శాఖ సైటు మళ్ళీ చూడాలి. వీపు మీద, తోకకు కాస్త ముందు చిన్న మెత్తటి రెక్క ఉంటుంది. అది ఉంటే అడవి చేప. డెషూట్స్‌లో అడవి స్టీల్‌హెడ్ పడితే వదిలి తీరాలి. రెక్క కోసేసి ఉంటే హేచరీలో పుట్టింది. సీజన్ తెరిచి ఉంటే, ట్యాగులో నమోదు చేసి ఇంటికి తెచ్చుకోవచ్చు. రొయ్యల హేచరీల మధ్య పెరిగిన మా భీమవరం వైపు వాళ్ళకు ఇది చెప్తే వెంటనే పడుతుంది. "అంటే సీడు చేప" అంటారు. అంతే.

డెషూట్స్‌లో పడవ ఎక్కడానికి, రాఫ్టింగ్ చెయ్యడానికి పాసుంటే చాలు. పడవలో కూర్చుని గాలం మాత్రం వెయ్యకూడదు. పడవ ఒడ్డున కట్టి, దిగి, కాళ్ళ మీద నిలబడి వెయ్యాలి. ఈ ఒక్క రూలు నాకెంత ఇష్టమో చెప్పలేను. డబ్బున్నవాడికీ లేనివాడికీ నీళ్ళలో లోతు ఒకటే. మాపిన్ నుంచి దిగువకు మ్యాక్స్ కాన్యన్ దాకా నది పక్కనే రోడ్డుంది, ఒడ్డున ప్రభుత్వ క్యాంపులున్నాయి. ఆ తర్వాత కొలంబియా దాకా రోడ్డు లేదు. పాత రైలు కట్ట ఒకటుంది. నది ముఖద్వారం దగ్గర పార్కులో కారు ఆపి ఆ కట్ట మీద సైకిల్ తొక్కుకుంటూ పోవచ్చు. వందేళ్ళ కిందట ఇద్దరు రైలు కోటీశ్వరులు, హిల్, హారిమన్, ఈ లోయలో చెరో ఒడ్డునా పోటీపడి పట్టాలు వేశారు. ఒకవైపు ఇప్పటికీ రైలు నడుస్తుంది. ఆ పట్టాల మీద నడవకండి.

పట్టే పద్ధతి చాలా సాదా. తెల్లవారుజామున, కొండ నీడ నీటి మీద ఉండగానే దిగాలి. ఎండ నేరుగా నీళ్ళలోకి దిగాక స్టీల్‌హెడ్ పైకి చూడదు. ఫ్లైని ప్రవాహానికి అడ్డంగా, కాస్త దిగువకు విసిరి, తాడు బిగిశాక దాన్ని నది మోసుకెళ్ళి ఒడ్డువైపు తిప్పే దాకా ఊరుకోవాలి. రెండడుగులు దిగువకు వెయ్యాలి. మళ్ళీ విసరాలి. రెండు చేతులతో పట్టే పొడుగు కర్ర ఉంటే వెనక చెట్లు అడ్డున్నా ఫర్వాలేదు, స్కాట్లండ్‌లో స్పే నది మీద పుట్టిన విసురు అది. గ్రీన్ బట్ స్కంక్ అనే నల్ల ఫ్లై ఒక్కటి జేబులో ఉంటే సీజనంతా గడిచిపోతుంది. అడుగున రాళ్ళు నూనె రాసినట్టు జారతాయి. మేకులున్న బూట్లు, నడుముకి బెల్టు, చేతికి ఊతకర్ర లేకుండా దిగవద్దు. సెప్టెంబరులో ఎండకి గిలకపాములు దారి మీదికొస్తాయి. థర్మామీటరు తాడుకి కట్టి నీళ్ళలో ముంచి చూడండి, 68 డిగ్రీల ఫారన్‌హీట్ చూపిస్తే కర్ర మడిచి మాపిన్‌కొచ్చి ఐస్‌క్రీం తినండి. వేడి నీళ్ళలో అలసిపోయిన చేపని వదిలేసినా అది బతకడం అనుమానమే.

వదిలేయడం అన్నది మా ఇంట్లో పెద్ద చర్చ. దీపావళి వెళ్ళి కార్తీకం వచ్చినా డెషూట్స్ సీజన్ నడుస్తూనే ఉంటుంది. కార్తీకంలో చేపల వేటేంటని అత్తగారు మొదట మొహం మాడ్చుకున్నారు. తినను, వదిలేస్తానని చెప్పాను. ఆవిడ ఇంకా గట్టిగా అన్నారు: "తినడానికి చంపితే ఒక అర్థముంది. ఊరికే మూతికి ముల్లు గుచ్చి వదిలేసే దాన్ని ఏమంటారే?" ఆ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఫ్లై పట్టేవాళ్ళు చాలామంది తామేదో తపస్సు చేస్తున్నట్టు, ఎర వేసి తినేవాడు ఆటవికుడన్నట్టు మాట్లాడతారు. అది ఒట్టి కబుర్లు. హేచరీ చేపని చంపి పులుసు పెట్టుకునేవాడు నాకంటే నిజాయితీపరుడు కావచ్చు. నేను చేయగలిగింది ఒక్కటే: అడవి చేప ఒకటి పడితే ఆ పూటకు ఆపేస్తాను. కొక్కెం ముల్లు పటకారుతో ముందే నొక్కేస్తాను. చేపని గాల్లోకి ఎత్తి పళ్ళికిలిస్తూ ఫొటో దిగను. వాట్సాప్‌లో చేపని బిడ్డలా గుండెకు హత్తుకున్న ఫొటోలు చూసినప్పుడల్లా, పాపం అది అప్పటికి ఎంతసేపటి నుంచి ఊపిరి బిగబట్టిందో అనిపిస్తుంది.

మాపిన్ నుంచి దిగువకు వెళ్తుంటే షేరర్స్ ఫాల్స్ వస్తుంది. నది ఇరుకు రాతి సందులోకి ఉరుకుతుంది, ఆ అంచున చెక్క మంచెలు కట్టి ఉంటాయి. వార్మ్ స్ప్రింగ్స్ తెగలవాళ్ళు వాటి మీద నిలబడి పొడుగు కర్రల వలలతో సాల్మన్‌ని తోడుకుంటారు. 1855 ఒప్పందంలో భూమిలో చాలా భాగం పోయినా, అలవాటైన చోట్ల చేప పట్టుకునే హక్కు వదులుకోలేదు. కొలంబియా మీద సెలైలో జలపాతం దగ్గర వేల ఏళ్ళుగా ఇలాగే పట్టేవారు. 1957 మార్చి 10న డాల్స్ డ్యామ్ గేట్లు మూశాక కొన్ని గంటల్లో అది మునిగిపోయింది. పోలవరం ముంపు గ్రామాల సంగతి తెలిసినవాళ్ళకు నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. షేరర్స్ దగ్గర మంచెలెక్కి సెల్ఫీలు తీసుకునే మనవాళ్ళను చూశాను. అది వాళ్ళ పొలం. మాపిన్‌కు ఎగువన పడమటి ఒడ్డు చాలా దూరం వాళ్ళ రిజర్వేషనే, అనుమతి లేకుండా అటు దిగకూడదు.

అక్టోబరు దాటాక లోతు తక్కువ చోట్ల గులకరాళ్ళు ఎవరో కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటాయి. సాల్మన్ తోకతో తవ్వుకున్న గూళ్ళవి, కింద గుడ్లుంటాయి. చుట్టూ తిరిగి వెళ్ళండి.

న్యూజెర్సీ వాళ్ళు ఇదంతా మాకెందుకంటారేమో. వాళ్ళకు నాలుగైదు గంటల దూరంలో పులాస్కై ఊళ్ళో సాల్మన్ రివర్ ఉంది. ఆంటారియో సరస్సులో ఒకప్పటి అట్లాంటిక్ సాల్మన్ 19వ శతాబ్దం చివరికల్లా అంతరించింది. ఇప్పుడున్న షినూక్, కోహో పసిఫిక్ నుంచి తెచ్చి పోసినవి. 1966లో మిషిగన్ రాష్ట్రం, సరస్సుల్లో పుట్టలు పుట్టలుగా పెరిగిపోయిన ఏల్‌వైఫ్ అనే చిన్న చేపని తినడానికి కోహో పిల్లల్ని వదిలింది. రెండేళ్ళకు న్యూయార్క్ అదే పని చేసింది. నది ఎగువన జలవిద్యుత్ డ్యామ్ ఉంది కాబట్టి నీటి లెక్క అక్కడ వానది కాదు, కంపెనీది. సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా కనీసం 335 క్యూసెక్కులు వదలాలి, ఎక్కువ వదిలే రోజులు ముందే చూసుకోవాలి. కొక్కెంతో చేప ఒంటికి గుచ్చి లాగడం ఒకప్పుడు అక్కడ చెల్లింది, 1990లలో నిషేధించారు. నోట్లో కాక ఇంకెక్కడ గుచ్చుకున్నా వదిలెయ్యాలి. రాత్రిపూట పట్టకూడదు. అల్ట్‌మార్ దగ్గర ఫ్లై మాత్రమే వెయ్యాల్సిన భాగాలున్నాయి, వాటికి తెరిచే తేదీలు వేరే. నది కింది భాగంలో ప్రైవేటు మేర ఉంది, అక్కడ దిగాలంటే రోజు పాసు కొనాలి.

ఎడిసన్‌లో ఉండే మా పిన్ని కొడుకు పోయిన వారం ఫోన్ చేశాడు. "కొలంబస్ డే లాంగ్ వీకెండ్‌కి ఎయిర్‌బీఎన్‌బీ కట్టేశానక్కా, నలుగురం వెళ్తున్నాం, లొకేషన్ పెట్టు చాలు." గేజీ లింకు, న్యూయార్క్ రూల్సు పుస్తకం లింకు పంపి, రెండూ చదివాక ఫోన్ చెయ్యరా అన్నాను. ఇంకా చెయ్యలేదు.